ఎడమ కాల్వ వెంట పెరిగిన వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది?

హాలియాలో ఎరువుల దుకాణం, నిడమనూరు దారిలో వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డు, మిర్యాలగూడ శివారులో రైస్ మిల్లు, కోదాడ దగ్గర హైవే మీద లారీ మెకానిక్కు, సూర్యాపేట మార్కెట్ యార్డులో అడ్తి. మామూలు రోజుల్లో ఇవన్నీ వేర్వేరు వ్యాపారాలు. కాల్వకు నీళ్లు రాని ఏడాది ఇవన్నీ ఒకటే వ్యాపారమని తెలిసిపోతుంది. 2023లో కృష్ణా ఎగువన వానలు సరిగా పడలేదు, నాగార్జునసాగర్ నిండలేదు, ఎడమ కాల్వ ఆయకట్టు బీడు పడింది. నాట్లు పడని సీజనులో ఎరువు అమ్ముడుపోదు, మిషన్లకు గిరాకీ ఉండదు, మిల్లుకు దగ్గరి వడ్లు దొరకవు, లారీకి లోడు దొరకదు. రైతు అప్పు దుకాణం ఖాతాలోనే ఉండిపోతుంది.

ఒక ప్రాంతంలో వ్యాపారం ఎట్లా పుడుతుంది, పుట్టినది బయటి పోటీని తట్టుకొని ఎట్లా నిలబడుతుంది, నిలబడే క్రమంలో అక్కడి నేలను, నీటిని, మనుషులను ఏం చేస్తుంది? ఈ ప్రశ్నల మీద నూట ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతటా పరిశోధన నడుస్తోంది. దాన్ని సాగర్ ఎడమ కాల్వ వెంట పెట్టి చదువుదామన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పట్టణాల్లో వ్యాపారదక్షతకు కొదవ లేదు. ఆ దక్షత అంతా ఒకే పంట మీద, ప్రధానంగా ఒకే కొనుగోలుదారు మీద, ఎవరూ లెక్క రాయని నీళ్ల మీద నిలబడి ఉండటమే అసలు ప్రమాదం. ఐటీ టవర్లతో, స్టార్టప్ పండుగలతో అది తీరదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాల్వ అని పేరు పెట్టిన ఎడమ కాల్వ హాలియా, వేములపల్లి వైపు నుంచి కోదాడ మీదుగా ఖమ్మం జిల్లాకు పోతుంది. నీళ్లతో పాటే కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. డెల్టాలో తరతరాలుగా వరి పండించి, మిల్లు పెట్టి, మిగులును మరో వ్యాపారంలోకి మళ్లించిన అనుభవం వాళ్లది. కోస్తా రైతు కుటుంబాలు పొలం నుంచి వ్యాపారంలోకి, పరిశ్రమలోకి నడిచిన దారిని కారల్ ఉపాధ్య 1980లలోనే వివరంగా రాశారు. హరీశ్ దామోదరన్ 2008లో తెచ్చిన 'ఇండియాస్ న్యూ కాపిటలిస్ట్స్' కూడా ఆ కథను చెబుతుంది. ఆ అనుభవం ఎడమ కాల్వ వెంట ఇంకోసారి మొలకెత్తింది.

అయితే నీళ్లకంటే ముందు ఇక్కడ మరో పని జరిగింది. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయలు. దేశ్‌ముఖుల గడీల కింద వెట్టి చేసిన మనిషి దుకాణం పెట్టలేడు, మిల్లు సంగతి సరే. వెట్టి పోయి, 1950 కౌలుదారీ చట్టం వచ్చి, భూమి కొంతైనా చేతులు మారాకే సాగర్ నీళ్లు వచ్చాయి. వరస తిరగబడి ఉంటే ఆ నీళ్లన్నీ గడీల పొలాలకే పారేవి. కొత్త వ్యాపారాలు పుట్టే వాతావరణం, అంటే ఎకోసిస్టమ్, మీద వచ్చిన పుస్తకాల్లో పెట్టుబడి, నైపుణ్యం, మార్కెట్ గురించి అధ్యాయాలుంటాయి. భూమి ఎవరి చేతిలో ఉందన్న అధ్యాయం చాలావాటిలో కనిపించదు. నల్లగొండ చరిత్ర తెలిసినవాళ్లకు ఆ లోటు వెంటనే పట్టుబడుతుంది.

మిర్యాలగూడ మిగతా పట్టణాలను దాటి ముందుకు పోవడానికి రైలు కూడా కారణం. పగిడిపల్లి–నల్లపాడు లైను మీద మిర్యాలగూడకు స్టేషన్ ఉంది. సూర్యాపేటకు హైదరాబాద్–విజయవాడ రోడ్డు తప్ప రైలు లేదు, హాలియాకు రెండూ లేవు. బియ్యం బరువైన సరుకు, దూరం పోవాలి. స్టేషన్ ఉన్న ఊరు చుట్టూ మిల్లులు కమ్ముకోవడంలో వింత లేదు.

ఇలా ఒకే రకం పరిశ్రమ ఒకేచోట గుమికూడటానికి కారణాలు మొదట స్పష్టంగా చెప్పింది ఆల్ఫ్రెడ్ మార్షల్. 1890లో వచ్చిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్'లో ఆయన చెప్పింది ఇది: పనిమంతులు ఒకచోట దొరుకుతారు, వాళ్లకు కావలసిన సరుకులు, సేవలు అందించే చిన్న వ్యాపారాలు పక్కనే పుడతాయి, పని మెళకువలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఒక శతాబ్దం తర్వాత 1990లో మైకేల్ పోర్టర్ దీన్నే దేశాల పోటీ సామర్థ్యానికి ముడిపెట్టి క్లస్టర్ అన్న మాటను ప్రభుత్వాల నోట నానేటట్టు చేశాడు. ఆయన సూత్రంలో మనం ఎక్కువగా మరిచిపోయేది ఒకటుంది. స్థానికంగా కొనేవాడు గట్టివాడై, నాణ్యత కోసం పట్టుబడితేనే అమ్మేవాడు మెరుగుపడతాడన్నది. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

1993లో జేమ్స్ మూర్ జీవావరణం నుంచి ఎకోసిస్టమ్ అన్న పోలికను వ్యాపారంలోకి తెచ్చాడు. 2010లో డేనియల్ ఐసెన్‌బర్గ్ దాన్ని కొత్త వ్యాపారాలు పుట్టే ప్రాంతాలకు వర్తింపజేశాడు. ప్రభుత్వ విధానం, పెట్టుబడి, సంస్కృతి, మద్దతు సంస్థలు, మానవ వనరులు, మార్కెట్ కలిసి పనిచేయాలన్నాడు. సిలికాన్ వ్యాలీని నకలు కొట్టవద్దని కూడా ఆయనే గట్టిగా హెచ్చరించాడు. సర్కారులు ఆ హెచ్చరికను వదిలేసి జాబితాను మాత్రం పట్టుకున్నాయి. 2015లో ఎరిక్ స్టామ్ ఈ సాహిత్యాన్నంతా తరచి చూసి సానుభూతితోనే విమర్శించాడు. విజయవంతమైన చోట మంచి ఎకోసిస్టమ్ ఉంటుందంటారు, మంచి ఎకోసిస్టమ్ అంటే ఏమిటంటే విజయం ఉన్న చోటంటారు. కారణమేదో ఫలితమేదో తేలడం లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ అభ్యంతరం నేటికీ నిలిచే ఉంది. అంతకుముందే 1994లో పాల్ క్రుగ్మన్ పోటీ సామర్థ్యం అన్న పిచ్చి ప్రమాదకరమని రాశాడు. కంపెనీలు పోటీపడినట్టు దేశాలు పోటీపడవు, జనం జీవనప్రమాణం ప్రధానంగా వాళ్ల సొంత ఉత్పాదకతను బట్టే ఉంటుందన్నాడు. మిర్యాలగూడ నెల్లూరును గెలిచిందా, రాయచూరును గెలిచిందా అని అడగడంకంటే, ఎకరం నేలకు, నీటికి, మనిషి కష్టానికి ఎంత విలువ తీస్తోందని అడగడమే సరైన ప్రశ్న.

మార్షల్ చెప్పినదంతా మిర్యాలగూడ మిల్లు గేటు ముందు నిలబడితే కంటికి కనిపిస్తుంది. కోతల రోజుల్లో మిషన్ కోసిన సన్నవడ్లు ఆరబోయకుండానే ట్రాక్టర్లలో మిల్లుకొస్తాయి. కాంటా మీద ట్రాక్టర్ తూగుతుంది. మిల్లు మనిషి కుప్పలో చేయి పెట్టి లోపలి గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు. పచ్చి ఎంత, తాలు ఎంత, నూక ఎంత పోతుందన్నది ఆ క్షణంలోనే తేల్చి ధర చెబుతాడు. వెనక వరసలో ఇంకా ట్రాక్టర్లుంటాయి, కిరాయి గంటల లెక్కన పెరుగుతుంటుంది, మబ్బు పట్టిందంటే రైతు బేరం ఆడే స్థితిలో ఉండడు. వరస మరీ పెరిగి 2020 తర్వాత సన్నవడ్లకు అధికారులు టోకెన్లు పంచిన సందర్భాలున్నాయి.

గేటు లోపల నానబెట్టే ట్యాంకులు, బాయిలర్, డ్రయ్యర్, రబ్బరు రోళ్లు, రంగు మారిన గింజను ఏరే సార్టెక్స్ యంత్రం ఉంటాయి. రాత్రి రెండింటికి ఎలివేటర్ బెల్టు తెగితే తెల్లారేసరికి అతికించే మెకానిక్కు ఊళ్లోనే ఉంటాడు. బేరింగు దుకాణం, వెల్డింగు షెడ్డు, గన్నీ సంచుల వ్యాపారి, తవుడు కొనే నూనె మిల్లు ఏజెంటు, నూకలు కొనే కోళ్ల దాణా వ్యాపారి అందరూ అందుబాటులో ఉంటారు. ఎక్కడో ఒంటరిగా మిల్లు పెట్టినవాడికి ఇవేవీ ఉండవు. అతను బెల్టు కోసం రెండు రోజులు మిల్లు ఆపుకుంటాడు. హుబర్ట్ ష్మిట్జ్ 1995లో దీన్నే సమష్టి సామర్థ్యం అన్నాడు. అందులో రెండు పాళ్లున్నాయి. పక్కపక్కన ఉండటంవల్ల ఉచితంగా దొరికే లాభం ఒకటి, కలిసి కూర్చొని కావాలని సాధించే లాభం రెండోది. మిర్యాలగూడకు మొదటిది నిండుగా ఉంది. రెండోది ధరల చర్చలకు, సర్కారుతో బిల్లుల బకాయిలకు పరిమితమైంది. ఉమ్మడి పరీక్షశాల, ఉమ్మడి మురుగునీటి శుద్ధి, ఉమ్మడి బ్రాండు వంటి పనుల్లో అంత పట్టుదల కనిపించదు. ఇదే కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ శాసనాల్లో వృత్తి శ్రేణుల ప్రస్తావన ఉంది. కలిసి పెట్టుబడి కాపాడుకునే తెలివి ఈ నేలకు కొత్త కాదు.

ఇప్పుడు పోర్టర్ చెప్పిన గట్టి కొనుగోలుదారు సంగతి. కస్టమ్ మిల్లింగ్‌లో సర్కారు కొన్న వడ్లు మిల్లుకిస్తుంది. క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లు తిరిగివ్వాలి. తవుడు, ఊక, నూక మిల్లర్‌కే. ఈ ఏర్పాటులో నాణ్యత ఒక హద్దు దాటితే చాలు, ఇంకా మెరుగుపడితే అదనంగా వచ్చేదేమీ లేదు. యాసంగి వడ్లు ఎండకు పగుళ్లుబారి పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ అవుతుంది కనుక ఉప్పుడు బియ్యం చేసేవాళ్లు. 2021లో కేంద్రం ఇకపై తెలంగాణ నుంచి ఉప్పుడు బియ్యం తీసుకోనంది. ఒక్క నిర్ణయంతో బాయిలర్ల మీద పెట్టిన పెట్టుబడి, రైతు వేసిన పంట, రాష్ట్ర ఖజానా మూడూ చిక్కుల్లో పడ్డాయి. సిరిసిల్ల మరమగ్గాల కథా ఇదే దారి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో మగ్గాలు ఆడాయి, ఆర్డర్ ఆగినప్పుడు మగ్గమూ ఆగింది. సర్కారు ఆర్డర్ ఆకలి తీర్చింది, కాదనను. కానీ ఆ ఏళ్లలో కొత్త మార్కెట్ వెతుక్కునే అవసరం లేకపోవడంతో ఆ అలవాటు తప్పిపోయింది.

మిర్యాలగూడకు ఉన్న బలం ఏమిటంటే, సర్కారు బియ్యంతో పాటు సొంత వ్యాపారం కూడా ఉంది. సన్నబియ్యం హైదరాబాద్‌కు, ఇతర రాష్ట్రాలకు పోతాయి. ఆ మార్కెట్‌లో గింజ రంగు, పొడవు, అన్నం పొడిపొడిగా రావడం చూసి కొంటారు. సార్టెక్స్ యంత్రాలు మిల్లుల్లోకి రావడానికి ప్రేరణ ఆ గిరాకీయే. 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లోనే రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకం మొదలైంది. పేదవాడి కంచంలోకి మంచి అన్నం రావడం గొప్ప విషయం. ఇంకోవైపు, ఇన్నాళ్లూ బయటి మార్కెట్ కోసం పండిన సన్నవడ్లకు కూడా క్వింటాలుకు 500 రూపాయల బోనస్‌తో సర్కారే పెద్ద కొనుగోలుదారు అవుతోంది. రైతుకు ఇది ఊరట. మిల్లుల పోటీ సామర్థ్యం మీద దీని ప్రభావం ఎట్లా ఉంటుందో జాగ్రత్తగా గమనించాలి. మరుసటి రోజే, మార్చి 31న, కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయలుదేరాయి. ఎంటీయూ 1010 రకం, తొలివిడత 12,500 టన్నులు. అక్కడి కొనుగోలుదారు నూక శాతం, తేమ, మందుల అవశేషాలు లెక్కగట్టి అడుగుతాడు. ఇలాంటి కొనుగోలుదారులు పెరిగితే మిల్లు గేటు దగ్గర పంటితో కొరికి చూసే పద్ధతి చాలదు.

ఇక ఇక్కడి మరో పరిశ్రమ సిమెంటు. కృష్ణ వెంబడి హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల ప్రాంతాల్లో సున్నపురాయి ఉంది. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా సిమెంటు ధరల మీద నియంత్రణ ఎత్తేశాక ఇక్కడ ఫ్యాక్టరీలు వరసకట్టాయి. సాగర్, దక్కన్, మై హోమ్, కాకతీయ, పెన్నా వంటివి తెలుగువాళ్లు పెట్టినవే. వాడపల్లి దగ్గర బి.వి. రాజు పెట్టిన రాశి సిమెంట్స్ 1998లో చెన్నై ఇండియా సిమెంట్స్ చేతికి పోయింది, 2024లో ఆ ఇండియా సిమెంట్స్‌ను అల్ట్రాటెక్ తీసుకుంది. అదే ఏడాది పెన్నా అంబుజా చేతికెళ్లింది. రైస్ మిల్లుతో పోల్చి చూడండి. మిల్లు యజమాని మిర్యాలగూడలోనే ఉంటాడు, లాభంతో పక్కన ఇంకో మిల్లు పెడతాడు, బడో ఆస్పత్రో కడతాడు, కొడుకు విత్తనాల కంపెనీ పెడతాడు. అలా చేతులు మారిన సిమెంటు ఫ్యాక్టరీల లాభం ఎక్కడ తిరిగి పెట్టుబడి కావాలో ముంబయిలోనో అహ్మదాబాదులోనో నిర్ణయమవుతుంది. పెద్ద కంపెనీ సాంకేతికంగా మెరుగ్గా ఉండొచ్చు, కాలుష్య నియంత్రణ కూడా మెరుగ్గా పాటించొచ్చు. కానీ ఊరికి మిగిలేది కూలి, లారీ కిరాయి, దుమ్ము. పోటీ సామర్థ్యం లెక్కల్లో సిమెంటుదే పైచేయి. స్థానిక వ్యాపారాలకు ప్రాణం పోసింది మాత్రం మిల్లే.

వ్యాపారదక్షతను మనిషిలో నేర్పి పెంచగలమా అన్న ప్రశ్నకు తొలినాళ్లలో జవాబు వెతికిన చోట్లలో తెలుగునేల ఒకటి. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ 1964–65లో కాకినాడ వ్యాపారులను యాభై మందికి పైగా హైదరాబాద్‌లోని చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థకు, నేటి యూసఫ్‌గూడ నిమ్స్‌మేకు, రప్పించి సాధనకాంక్ష పెంచే శిక్షణ ఇచ్చాడు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ఫలితాలు ప్రచురించాడు. శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు చేపట్టారని తేలింది. దేశంలో తర్వాత వచ్చిన వ్యవస్థాపక శిక్షణ కార్యక్రమాలెన్నింటికో ఇదే ఆధారం. అయితే కాకినాడ అప్పటికే రేవు, కాలేజీలు, వెనక గోదావరి డెల్టా ఉన్న ఊరు. మనిషికి కాంక్ష నేర్పి, నీళ్లు, అప్పు, రోడ్డు లేని చోట వదిలితే ఏమవుతుందన్నది ఆ ప్రయోగం తేల్చలేదు.

ఆ జవాబు కోసం ఉమ్మడి నల్లగొండ జిల్లా రెండో ముఖాన్ని, కాల్వ అందని మెట్టను చూడాలి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మర్రిగూడ, మునుగోడు, చండూరు అటే ఉన్నాయి. పోచంపల్లి, పుట్టపాక, గట్టుప్పల్ నేతగాళ్లూ అటే. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ చేతిని వేలసార్లు కదపాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలో మానేసిన ఆ కుర్రవాడు ఏళ్ల తరబడి అప్పులు చేసి, ముక్క ముక్కగా యంత్రం కట్టి 1999లో పూర్తి చేశాడు. చేత్తో నాలుగు గంటలకు పైగా పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏళ్లలో అతనికి బ్యాంకు అప్పు గానీ, పరీక్షించుకునే వర్క్‌షాపు గానీ, నమ్మి డబ్బు పెట్టే మనిషి గానీ దొరకలేదు. పల్లె సృజన వంటి సంస్థలు, రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ తర్వాత వచ్చాయి. ఆ సాయం పదేళ్లు ముందొచ్చుంటే ఎందరి భుజాలు నిలిచేవో అన్న బాధ నాకుంది.

2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్, 2018లో మహిళా వ్యవస్థాపకుల కోసం వీ-హబ్ హైదరాబాద్‌లో వచ్చాయి. 2023లో నల్లగొండ, సూర్యాపేటల్లో ఐటీ హబ్‌లు తెరిచారు. డిగ్రీ చదివిన పిల్లలకు సొంత జిల్లాలో కుర్చీ దొరకడం మంచిదే. కానీ ఈ జిల్లాల్లో పది మంది పనిచేసే షెడ్డు వాడికి, ఊకతో నడిచే డ్రయ్యర్‌ను మెరుగుచేద్దామనుకునే మెకానిక్కుకు ఆ భవనాల్లో పనిలేదు. వాళ్లకు కావలసింది లేత్ మిషన్, కొలిచే పరికరాలు, ఆరు నెలల అప్పు. మిల్లు పట్టణానికి మిల్లు పరిశోధన ఉండాలన్న మాట ఇన్నేళ్లలో బలంగా వినిపించకపోవడం విచారకరం.

తమిళనాడులోని ఆరణి గురించి తెలుసుకుంటే మన పట్టణాలు ఇంకా బాగా అర్థమవుతాయి. వరి మిల్లులు, పట్టుచీరల ఊరది. బార్బరా హారిస్-వైట్ 1973 నుంచి నాలుగు దశాబ్దాలు ఆ ఊరినే చదివారు. అలాంటి పట్టణంలో మార్కెట్‌ను నడిపేది చట్టంకంటే ఎక్కువగా కులం, కుటుంబం, ఆడామగ తేడా, అప్పు సంబంధాలేనని ఆమె చూపించారు. మన మిల్లుల్లో యజమాని ఎవరు, గుమస్తా ఎవరు, హమాలీ ఎవరు అని అడిగితే జవాబు అంతే స్పష్టంగా వస్తుంది. హమాలీల్లో చాలామంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. 2020 మేలో, దేశమంతా వలస కూలీలు ఇళ్లకు నడుస్తున్న రోజుల్లో, బీహారులోని ఖగడియా నుంచి లింగంపల్లికి ఎదురు రైలు వచ్చింది. అందులో రెండువందల పైచిలుకు మంది, అత్యధికులు రైస్ మిల్లుల హమాలీలు. వాళ్లు లేకపోతే యాసంగి వడ్లు ఆడవని అంత తొందర. ఎకోసిస్టమ్ అని బొమ్మ గీసేటప్పుడు పెట్టుబడిదారుకు, ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయానికి గళ్లుంటాయి. బస్తా మోసే మనిషికి గడి ఉండదు. అతని వసతి, అతని పిల్లల చదువు, అతని వెన్నెముక సుస్థిరాభివృద్ధి లెక్కలోకి రావాలి.

ఆడవాళ్ల సంగతి కొంచెం మెరుగు. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మొదలయ్యాక పెరిగిన పొదుపు సంఘాల మహిళలు ఇప్పుడు ఐకేపీ కేంద్రాల్లో వడ్లు కొంటున్నారు. తేమ మీటరు పట్టుకొని 17 శాతం దాటితే ఆరబెట్టమని రైతుకు చెప్పేది వాళ్లే. కమీషన్ సంఘానికి వస్తుంది. కొనుగోలు దగ్గర ఆగిన వాళ్లను వడ్లు ఆడించే, బియ్యం ప్యాకింగ్ చేసే పనుల దాకా తీసుకుపోతే అది ఈ ప్రాంతంలో నిజంగా కొత్త వ్యాపారవర్గం అవుతుంది.

ఇక నేల, నీరు. 1987 బ్రంట్‌లాండ్ నివేదిక రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అంది. 2015లో ఐక్యరాజ్యసమితి దాన్ని 17 లక్ష్యాలుగా విడగొట్టింది. ఎడమ కాల్వ వెంట దీని మొదటి అర్థం నీరే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం కిలో వడ్లు పండాలంటే సగటున 2500 లీటర్ల నీళ్లు కావాలి. మడి ఆరనిచ్చి మళ్లీ తడిపే పద్ధతిలో ముప్పై శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ కూడా తగ్గుతుంది. కానీ కాల్వ నీళ్లు వంతుల లెక్కన వస్తాయి. తన వంతు వచ్చినప్పుడు నింపుకోకపోతే మళ్లీ వస్తాయో రావోనన్న భయం చివరి ఆయకట్టు రైతుది. నీటి నమ్మకం కుదిరితేనే పొదుపు కుదురుతుంది. సామాన్య జనం తమ ఉమ్మడి వనరును తామే నియమాలతో కాపాడుకోగలరని ఎలినార్ ఓస్ట్రోమ్ 1990లో రుజువులతో చూపించి 2009లో నోబెల్ అందుకున్నారు. మనకు 1997 నుంచి నీటి వినియోగదారుల సంఘాల చట్టం ఉంది. ఆ సంఘాలను బతికించకుండా మిల్లుల పోటీ సామర్థ్యం గురించి మాట్లాడటం అర్థంలేని పని.

కాల్వ కూడా పాతబడింది. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలో గండిపడి పొలాలు, ఇళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరు తొలిరోజుల కుంభవృష్టికి కోదాడ పట్టణం నీళ్లలో మునిగింది, నడిగూడెం మండలంలో కాల్వ కట్ట తెగింది. ఒక ఏడాది నీళ్లు లేక, మరుసటి ఏడాది నీళ్లు ముంచి నష్టపోయే ప్రాంతంలో బ్యాంకు మేనేజరు కొత్త వ్యాపారానికి అప్పు ఇవ్వడానికి జంకితే తప్పుపట్టలేం.

మిల్లు వెనకవైపు ఎవరూ ఫొటో తీయరు. నూరు టన్నుల వడ్లు ఆడిస్తే సుమారు ఇరవై టన్నుల ఊక వస్తుంది. బాయిలర్‌లో కాలిస్తే దాన్నుంచి నాలుగు టన్నుల దాకా బూడిద. గాలి వీస్తే ఆ నల్లటి నలుసు పక్క కాలనీ డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, కళ్లలో పడుతుంది. నానబెట్టిన వడ్ల నీళ్లు పులిసి కంపుకొడుతూ కాల్వల్లోకి, చెరువుల్లోకి చేరతాయి. అయితే అదే బూడిదలో అత్యధిక భాగం సిలికా. సిమెంటుకు, ఉక్కు పరిశ్రమకు పనికొచ్చే సరుకు. సిమెంటు ఫ్యాక్టరీలు ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది, దాని బూడిద కూడా సిమెంటుకే చేరాలి. ఆ కేంద్రం పర్యావరణ అనుమతి విషయంలో 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ అధ్యయనం చేయమంది. డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్‌లో ఒకరి వ్యర్థం ఇంకొకరి ముడిసరుకుగా విద్యుత్ కేంద్రం, రిఫైనరీ, జిప్సం బోర్డుల ఫ్యాక్టరీ దశాబ్దాలుగా ముడిపడి నడుస్తున్నాయి. మన దగ్గర అన్నీ ఒకే జోన్‌లో ఉన్నాయి, మధ్యలో కూర్చోబెట్టి లెక్క కుదిర్చేవాళ్లు లేరు.

మురుగునీటి శుద్ధిని వాయిదా వేస్తే ఏమవుతుందో తిరుప్పూర్ చెబుతుంది. బనియన్ల ఎగుమతిలో దేశానికి తలమానికమైన ఆ ఊరు నొయ్యల్ నదిని రంగునీళ్లతో నింపింది. కింది రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూసేయమంది. వందల యూనిట్లు ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత చుక్క నీరు బయటికి వదలని శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాకే ఊరు తేరుకుంది. నేడు విదేశీ కొనుగోలుదారులకు తిరుప్పూర్ చూపించుకునే అర్హతల్లో ఆ శుద్ధి కేంద్రాలూ ఉన్నాయి. ఆ ఖర్చును ముందే పెట్టుకుని ఉంటే మూతపడిన నెలల నష్టం తప్పేది.

మంచి ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. 2000ల తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించి, వీధి చెత్తకుండీలనే తీసేసింది. తడి చెత్తను ఎరువుగా, వానపాముల ఎరువుగా మార్చి అమ్మింది, ప్లాస్టిక్కు, అట్టలు పాత సామాను వ్యాపారులకు అమ్మింది. లక్ష జనాభా ఉన్న పట్టణం పెద్ద యంత్రాలు లేకుండా చేసిన ఆ పనిని చూడటానికి దేశం నలుమూలల నుంచి మున్సిపల్ అధికారులు వచ్చారు. సుస్థిరత ధనిక పట్టణాల ముచ్చట అనుకునేవాళ్లకు అదే జవాబు.

ఇక హాలియా. 2018లో మున్సిపాలిటీ అయింది. అనుముల, పెద్దవూర, నిడమనూరు, త్రిపురారం, గుర్రంపోడు మండలాల రైతులకు ఇదే బజారు. సాగర్ దగ్గరే, బుద్ధవనం దగ్గరే. అయినా విలువ పెరిగే పని చాలావరకు మిర్యాలగూడలో జరుగుతుంది, హాలియాకు ఎరువు అమ్మకం, అప్పు వసూలు మిగులుతాయి. పెద్ద క్లస్టర్ పక్కనున్న చిన్న ఊరికి ఏం దక్కిందన్నదే ఆ క్లస్టర్ నాణ్యతకు నిజమైన పరీక్ష అని నేను నమ్ముతాను. ఆ పరీక్షలో మిర్యాలగూడ ఇంకా పాసు కాలేదు.

అందుకే ఒక విన్నపం. నల్లగొండ, సూర్యాపేట జిల్లా యంత్రాంగాలు, మిల్లర్ల సంఘాలు, కాల్వ రైతులు కలిసి హాలియాలో వడ్ల తేమ, నూక శాతం, మందుల అవశేషాలు పరీక్షించే ఉమ్మడి కేంద్రం పెట్టండి. రైతు మిల్లు గేటుకు పోకముందే తన గింజ విలువ కాగితం మీద తెలుసుకోవాలి. ప్రతి మిల్లు ఏడాదికి ఎంత నీరు వాడింది, ఎంత బూడిద ఎక్కడికి పంపిందో మున్సిపల్ కార్యాలయం గోడ మీద అంటించండి. రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే వానకాలం కోతలలోపే మొదలుపెట్టవచ్చు.